బటన్, బటన్, ఇమేజ్: మీ సైటు ఏం పలుకుతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: చూపో వినికిడో సరిగా లేనివాళ్లు వెబ్‌సైట్లు వాడబోయి పడే ఇబ్బంది. మూడూ బెంగళూరు సంగతులే. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: మాది మదనపల్లె. పద్నాలుగేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాం. నేనూ మా ఆయనా వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, ఆర్వో ఫిల్టర్ల రిపేర్ సర్వీస్ నడుపుతున్నాం, నలుగురు మెకానిక్కులున్నారు. రెండేళ్ల కిందట తెలిసిన అబ్బాయితో వెబ్‌సైట్ చేయించాం. పోయిన నెల ఒకాయన ఫోన్ చేసి, "అమ్మా, నాకు చూపు లేదు. మీ సైటులో బుక్ చేద్దామని అరగంట కూర్చున్నాను. నా ఫోన్ బటన్, బటన్, ఇమేజ్ అని తప్ప ఇంకేం చదవడం లేదు. మీ నంబరు కూడా పక్కింటాయన్ని అడిగి చెప్పించుకున్నాను" అన్నారు. కోప్పడలేదు కూడా, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈలోగా ఒక కంపెనీ వాళ్లు వచ్చి "మా కోడ్ ఒక్క లైను పెట్టండి, ఏడాదికి ఇంత కట్టండి, సైటు మొత్తం దివ్యాంగులకు పనికొచ్చేలా మారిపోతుంది" అంటున్నారు. మా ఆయనేమో "అలాంటి కస్టమర్లు మనకెంతమంది వస్తారు, డబ్బు దండగ" అంటున్నారు. ఏం చేయమంటారు? దీనికి చట్టం ఏమైనా ఉందా?
ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ ఒక్క లైను కోడ్ కొనకండి. అది పెడితే పేజీ మూలన చక్రాల కుర్చీ బొమ్మో, మనిషి బొమ్మో వచ్చి, నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి, అంతే. చూపు లేని మనిషి ఫోన్‌లో చదివే సాఫ్ట్‌వేర్ ముందే ఉంటుంది, ఆయన దాన్ని తనకు కావాల్సినట్టు అమర్చుకుని ఉంటారు, ఈ బొమ్మ వెనకున్న కోడ్ ఒక్కోసారి దానికే అడ్డు తగులుతుంది. ఇలాంటిది అమ్మే యాక్సెసీబీ అనే కంపెనీ, ఏ సైటునైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తానని లేనిపోనివి చెప్పుకుందన్న ఆరోపణ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 10 లక్షల డాలర్లు కట్టడానికి 2025లో ఒప్పుకుంది. మీ పేజీలో బటన్‌కు పేరే లేకపోతే అది ఏ పని చేసే బటనో బయటి కోడ్ ఊహించి చెప్పాల్సిందే. ఆ ఊహ తప్పితే కస్టమర్ "బుక్" అనుకుని "క్యాన్సిల్" నొక్కుతారు.

ఇప్పుడు అసలు పని. ఈ రాత్రి షట్టర్ దించాక మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి, తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అదే. ఆన్ చేశాక ఫోన్ తీరు మారిపోతుంది, కంగారు పడకండి: ఒక వేలితో కుడివైపు జరిపితే తర్వాతి అంశానికి వెళ్తుంది, ఎక్కడైనా రెండుసార్లు తట్టితే నొక్కినట్టు, పైకీ కిందికీ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి. ఆఫ్ చేయడం ఎలాగో ముందు నేర్చుకుని మొదలుపెట్టండి, లేకపోతే టెన్షన్. తర్వాత కళ్లు మూసుకుని మీ సైటులో మీకు మీరే ఒక వాషింగ్ మెషిన్ రిపేర్ బుక్ చేసుకోండి. మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కడ ఆగిపోయారో ఒక కాగితం మీద రాసుకోండి. సైటు చేసిన అబ్బాయికి ఇవ్వాల్సిన పని జాబితా అదే.

మీరు రాసినదాన్ని బట్టి అందులో ఏముంటుందో కొంత నేనే చెప్పగలను. రేట్ల పట్టిక బొమ్మగా ఉండుంటుంది. మన దగ్గర అందరూ చేసే పని ఇది, పాంప్లెట్ కోసం డీటీపీ చేయించిన డిజైన్‌నే తెచ్చి సైటులో అతికిస్తారు. చూసేవాళ్లకు అందులో కన్నడ, ఇంగ్లీషు, తెలుగు మూడూ కనిపిస్తాయి, చదివే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది "ఇమేజ్" అనే ఒక్క మాట, మహా అయితే ఫైలు పేరు. రేట్లను అక్షరాలుగా టైపు చేయించండి. మిగతా ఫొటోలకు ఆల్ట్ టెక్స్ట్ రాయించండి, అంటే బొమ్మలో ఏముందో కోడ్‌లో ఒక వాక్యం. "ఫొటో 1" అని రాయొద్దు, "మెకానిక్ వాషింగ్ మెషిన్ డ్రమ్ము విప్పుతున్నాడు" అని రాయండి. ఊరికే అందం కోసం పెట్టిన గీతలకూ డిజైన్లకూ ఆల్ట్ ఖాళీగా వదిలేయమనండి, అప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని దాటేసి ముందుకెళ్తుంది.

ఫారంలో పేరు, ఫోన్, అడ్రస్ గళ్లున్నాయి కదా, ఒక్కోదానికి లేబుల్ కట్టాలి, అంటే అది దేని గడో కోడ్‌లో చెప్పే పేరు. గడి లోపల బూడిదరంగులో "మీ పేరు" అని కనిపించి, టైపు చేయగానే మాయమయ్యే రాత లేబుల్ పని చేయదు. తప్పు జరిగినప్పుడు గడిని ఎర్రగా చేసి ఊరుకోవద్దు, "ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువైంది" అని మాటల్లో చెప్పాలి. మీ నంబరు కూడా బొమ్మలో ఇరుక్కుపోయి ఉండొచ్చు. అందుకేనేమో ఆయన పక్కింటాయన్ని అడగాల్సి వచ్చింది. దాన్ని పేజీ పైభాగాన అక్షరాలుగా పెట్టి, నొక్కగానే కాల్ వెళ్లేలా చేయించండి. ఇది పది నిమిషాల పని, రేపే చేయించేయొచ్చు.

తేదీ ఎంచుకునే క్యాలెండర్ దగ్గర మాత్రం కాస్త ఆగుతాను, ఎందుకంటే అది మా ఇంట్లో జరిగింది. మా నాన్నకు చేతులు వణుకుతాయి. ఒక ఆసుపత్రి సైటులో అపాయింట్‌మెంట్ కోసం ఆయన 14వ తేదీ నొక్కితే 15 పడేది, సరిచేద్దామని మళ్లీ నొక్కితే 21, ఇంతలో టైమ్ అయిపోయిందని పేజీ మొదటికొచ్చేది. నాలుగోసారి ఫోన్ నా చేతికిచ్చి "నువ్వే చెయ్యి నాయనా" అన్నారు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు ఆయన. వెబ్‌సైట్ల ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 2023లో తెచ్చిన 2.2 వెర్షన్‌లో, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి, లేదా చుట్టూ తగినంత ఖాళీ ఉండాలి అని పెట్టారు. మీరైతే ఇంకా పెద్దగా పెట్టండి. క్యాలెండర్ పక్కనే తేదీ టైపు చేసుకునే వీలు కూడా ఇవ్వండి.

రంగుల విషయంలో, అక్షరానికీ వెనకున్న రంగుకూ తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి. తెల్లని పేజీ మీద పసుపుపచ్చ రేట్లు అందులో నెగ్గవు. కంప్యూటర్లో మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మాత్రమే బుకింగ్ చివరిదాకా వెళ్లగలరేమో కూడా చూడండి, ఇప్పుడెక్కడున్నామో తెలిసేలా ఆ బటన్ చుట్టూ గీత కనిపించాలి. క్రోమ్‌లో లైట్‌హౌస్ అనే ఉచిత పరీక్ష ఉంది, కొన్ని తప్పులు అదే పట్టిస్తుంది. కానీ దానిలో వందకు వంద వచ్చినా బుకింగ్ పూర్తికాని సైట్లుంటాయి, కాబట్టి కళ్లు మూసుకుని చేసే పరీక్ష మానొద్దు. అన్నీ అయ్యాక, మీకు ఫోన్ చేసిన ఆయనకే ఫోన్ చేసి "సరిచేశాం, ఒకసారి చూసి చెప్తారా" అని అడగండి. ఆయన టైమ్‌కు డబ్బివ్వండి, లేదా ఒక సర్వీస్ ఉచితంగా చేసిపెట్టండి. ఆ కంపెనీకి కట్టబోయిన డబ్బు ఇలా ఖర్చుపెట్టండి.

మీ ఆయన ప్రశ్నకు: 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో 2.68 కోట్ల మంది వైకల్యం ఉన్నవాళ్లున్నారు. మా నాన్నలాగా ఏ లెక్కలోకీ ఎక్కని వయసు మళ్లినవాళ్లు వేరే. ఆపరేషన్ అయ్యి ఒక కంటికి గంత కట్టుకున్నవాళ్లు, చేయి విరిగి పిండికట్టు వేసుకున్నవాళ్లు కూడా వేరే. మీ సైటులో ఆగిపోయి వెనక్కెళ్లినవాళ్లలో ఎంతమంది ఫోన్ చేసి చెప్పారు? రెండేళ్లలో ఒక్కరు. మిగతావాళ్లు మీకు కనబడలేదు కాబట్టి లేరనుకుంటున్నారు.

చట్టం ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. దాని 46వ సెక్షన్ సేవలందించేవాళ్లు ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందుబాటు నియమాలు, అంటే దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా సేవలుండాలనే నియమాలు, పాటించాలంటుంది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఈ నియమాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందుకునే హక్కు జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమంది. మీలాంటి చిన్న సర్వీస్ మీదికి రేపే నోటీసు వస్తుందని భయపెట్టను. ఆ మనిషి ఫోన్‌కు మీరు బాధపడ్డారు, ఈ పని మొదలుపెట్టడానికి నాకు ఆ కారణమే చాలు.

ప్రశ్న: మాది కృష్ణరాజపురం దగ్గర పచ్చళ్లు, క్యాటరింగ్. సైటంతా తెలుగులో, అక్షరాలుగానే పెట్టాం, బొమ్మలు కాదు. అయినా చూపు తక్కువున్న మా పెద్దమ్మ ఫోన్‌లో చదివిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి.
ఒక పాఠకుడు

జవాబు: మీ మెనూ పాత డీటీపీ ఫాంటులో టైపు చేసినట్టుంది. ఆ ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. కంటికి గోంగూర కనిపిస్తుంది, టాక్‌బ్యాక్‌కు దొరికేది లోపలున్న గజిబిజి. గూగుల్‌లో వెతికినా మీ గోంగూర దొరకదు, అదింకో నష్టం. మొత్తం యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలోకి, మార్చించండి, మార్చే కన్వర్టర్లున్నాయి, మార్చాక ఒత్తులు ఒకసారి కంటితో సరిచూసుకోవాలి. పేజీ కోడ్ మొదట్లో భాష తెలుగు అని చెప్పే గుర్తు, అంటే "టీఈ" అనే రెండక్షరాలు, ఉందో లేదో చూడమనండి. చాలా సైట్లలో అక్కడ ఇంగ్లీషు గుర్తే వదిలేస్తారు, అప్పుడు సాఫ్ట్‌వేర్ తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడుతుంది. పెద్దమ్మ ఫోన్‌లో తెలుగు గొంతు డౌన్‌లోడ్ అయి ఉండాలి. కంప్యూటర్ వాడేవాళ్లకైతే ఎన్‌వీడీఏ అనే తెర చదివే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, తెలుగు చదువుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి వినబడదు. ఉద్యోగానికి బెంగళూరు వచ్చి ఇందిరానగర్‌లో ఒక్కతే ఉంటోంది. ప్లంబర్ కోసం ఏ సైటులో బుక్ చేసినా వాళ్లు కన్ఫర్మ్ చేయడానికి ఫోన్ చేస్తారు, తను ఎత్తలేదు, "కస్టమర్ స్పందించలేదు" అని క్యాన్సిల్ చేస్తారు. రెండుసార్లు క్యాన్సిలేషన్ ఛార్జీ కూడా పడింది. నేను అనంతపురం నుంచి ఫోన్లు చేసి మాట్లాడుతున్నాను. తనకు అది నచ్చడం లేదు.
ఒక తల్లి

జవాబు: తనకు నచ్చకపోవడం న్యాయమే అమ్మా. ముందు ఆ ఛార్జీ సంగతి: బుకింగ్ వివరాల స్క్రీన్‌షాట్లతో ఆ సంస్థకు మెయిల్ రాసి వెనక్కి ఇమ్మని అడగమనండి, మెయిల్ తన పేరు మీదే వెళ్లాలి. జవాబు రాకపోతే కర్ణాటక దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఆ 2016 చట్టం కిందే ప్రతి రాష్ట్రానికీ ఒక కమిషనర్ ఉంటారు. ఈలోపు అడ్రస్ గడిలో, మెకానిక్ కచ్చితంగా చూసే ల్యాండ్‌మార్క్ దగ్గరే, "నాకు వినబడదు, కాల్ వద్దు, వాట్సాప్ చేయండి" అని ఇంగ్లీషులోనూ కన్నడలోనూ రాసిపెట్టమనండి. కాలింగ్ బెల్‌కు లైటు వెలిగేలా ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు.

మారతహళ్లి ఆవిడకు కూడా ఇక్కడే ఒక మాట. మీ ఫారంలో ఫోన్ నంబరు గడి కింద "కాల్ వద్దు, మెసేజ్ చేయండి" అని ఒక టిక్ పెట్టించండి. టిక్ చేసినవాళ్ల ఇంటికి వెళ్లే మెకానిక్ చేతి స్లిప్ మీద కూడా ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. సైటులో టిక్ ఉండి మెకానిక్ గేటు దగ్గర నుంచి ఫోన్ చేసి ఎత్తలేదని వెళ్లిపోతే ఈ అమ్మాయి నల్లా కారుతూనే ఉంటుంది.