ముందు రోడ్డు రాసివ్వండి, తర్వాత సిమెంటు అడగండి

సుజీ,

మీ కాలనీకి కార్పొరేషన్‌వాళ్లు సిమెంటు రోడ్డు ఎందుకు వేయడంలేదు, ఏం చెయ్యాలి అని అడుగుతూ నువ్వు పెట్టిన మెసేజ్‌లన్నీ చదివాను, ఫోటోలూ చూశాను. స్కూలు ఆటో బురదలో దిగబడిన ఫోటో చూస్తే పాపం అనిపించింది కానీ, అది పట్టుకుని కమిషనర్ దగ్గరికి పోతే పనైపోతుందన్న ఆశ మాత్రం వదిలెయ్. ఆ ఆఫీసులో బురద ఫోటోలు రోజూ చూస్తారు. రిటైరయ్యేదాకా మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ ఫైళ్లు మోసినదాన్ని కాబట్టి చెబుతున్నా, మీకు రోడ్డు వేయకపోవడానికి కారణం కార్పొరేటర్‌కు మీరు ఓటు వేయలేదని కాదు, మీ మీద కోపమూ కాదు. ఆ రోడ్డు కాగితం మీద ఇంకా మీకు ప్లాట్లు అమ్మిన ఆ రైతుదే. ప్రైవేటు స్థలంలో కార్పొరేషన్ డబ్బు పోస్తే రేపు ఆడిట్‌వాళ్లు అభ్యంతరం రాస్తారు, సంతకం పెట్టినవాళ్ల జీతంలోంచి రికవరీ అంటారు, పెన్షన్ దగ్గరపడిన ఏ ఇంజనీరు ఆ తలనొప్పి పెట్టుకుంటాడు చెప్పు? అందుకే ముందు అది కార్పొరేషన్‌ రోడ్డు అయ్యేలా చెయ్యండి, ఆ తర్వాత మీ రోడ్డు బాగుచేసుకోండయ్యా అని అడగండి. మీ కాలనీవాళ్లు ఇన్నేళ్లూ రెండోది ముందు అడుగుతున్నారు.

ఇప్పుడు వేసే లేఅవుట్లకు ఈ బాధ లేదు. 2017 ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ రూల్స్ ప్రకారం రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చేసి ఇవ్వాల్సిందే, పనులన్నీ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తాకట్టులో ఉంటాయి. మీది కల్లూరు కర్నూలు కార్పొరేషన్‌లో కలవకముందు, ఇంకా పంచాయతీగా ఉన్న రోజుల్లో గీసిన ప్లాను, సర్పంచ్ సంతకంతో నడిచిపోయింది. అయినా సరే, పాత పంచాయతీ తీర్మానాల పుస్తకంలో మీ సర్వే నంబరు మీద ఏమైనా రాశారేమో ఒకసారి వెతికించు. ఒక్కోసారి గిఫ్ట్ డీడ్ అప్పుడే అయ్యుంటుంది, రికార్డు మాత్రం కార్పొరేషన్‌కు చేరకుండా ఏ బీరువాలోనో ఉండిపోతుంది. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీయించు, మీభూమి వెబ్‌సైట్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు చూడు, రోడ్డు ఉన్న సర్వే నంబరు ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. "మేం ఎల్ఆర్ఎస్ కట్టాం కదా" అని మీ ఎదురింటాయన అంటున్నాడన్నావు. ఎల్ఆర్ఎస్ అంటే అనుమతిలేని లేఅవుట్లలో ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం, అది ఆయన ప్లాటుకు, రోడ్డుకు కాదు. ఇంటిపన్ను రసీదూ అంతే. అర్జీకి జతచెయ్యండి, అర్జీకి బరువొస్తుంది, హక్కు మాత్రం రాదు.

మీ చేతిలో ఉన్న అసలైన ఆయుధం వేరే ఉంది. మీ రిజిస్ట్రేషన్ దస్తావేజు తీసి చివర చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు చదువు. "తూర్పు: 30 అడుగుల రోడ్డు" అని ఉంటుంది, కింద ఆ రైతు వేలిముద్రో సంతకమో ఉంటుంది. అంటే అది రోడ్డు అని ఆయనే ఒప్పుకుని, దాన్ని చూపించే మీకు ప్లాటు అమ్మాడు. ఇట్లాంటి పేజీ కాలనీలో ప్రతి ఇంట్లో ఉంటుంది. అందరి దగ్గరా ఆ ఒక్క పేజీ జిరాక్స్ తీసుకుని, ప్లాటు నంబర్ల వరుసలో కుట్టి పెట్టు. బురద ఫోటోలకన్నా ఆ కట్ట పదిరెట్లు మాట్లాడుతుంది.

ఇక కష్టమైన భాగం, ఆ రైతు పిల్లలు. ఆయన పోయాడు కాబట్టి వారసులందరూ సంతకం పెట్టాలి. అందరూ అంటే కొడుకులు మాత్రమే కాదు, మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఎన్టీఆర్ హయాంలో 1986 చట్టంతోనే పిత్రార్జితంలో వాటా వచ్చింది, 2005లో దేశమంతా ఆడపిల్లలందరికీ వచ్చింది. బళ్లారిలో ఉన్న కూతురిని వదిలేసి డీడ్ రాయిస్తే ఆ డీడ్ రేపు కోర్టులో నిలబడదు. రాలేనంటే తన బదులు వేరేవాళ్లు సంతకం పెట్టేలా జీపీఏ ఇమ్మనండి, కానీ వదలొద్దు. పెద్దకొడుకు రోడ్డుకూ డబ్బు అడుగుతున్నాడన్నావు చూడు, అక్కడ లాయరు నోటీసుతో మొదలుపెట్టకండి. రోడ్డని చూపించి ప్లాట్లు అమ్మాక ఆ స్థలాన్ని వేరేగా అమ్ముకునే హక్కు వాళ్లకు లేదు, కోర్టులు ఇలాంటి స్థలాల విషయంలో ఆ మాట ఎప్పుడో చెప్పాయి, అది నిజమే. కానీ ఆ మాట జేబులో పెట్టుకుని వేరే మాట మాట్లాడండి. చివర్న వాళ్లకు ఇంకా అమ్ముడుపోని ప్లాట్లు ఉన్నాయి కదా. రోడ్డు కార్పొరేషన్‌దై సిమెంటు పడితే సెంటు ధర పెరిగేది ఎవరికి? ఆ లెక్క వాళ్ల ఇంట్లో కూర్చుని, నిదానంగా, వాళ్లమ్మ వినేలా చెప్పండి. మీ కాలనీ ప్రెసిడెంట్ గొంతు పెద్దది, ఆయన్ను ఆ రోజు తీసుకుపోవద్దు.

గిఫ్ట్ డీడ్ అంటే రిజిస్టర్ చేయించి ఆఫీసులో పడేస్తే అయిపోదు. తీసుకునేవాడు ఒప్పుకుంటేనే దానం చెల్లుతుంది, అదీ ఇచ్చేవాళ్లు బతికుండగానే ఒప్పుకోవాలి. అందుకని ముందు అర్జీ, తర్వాత కొలతలు, తర్వాత కౌన్సిల్‌లో తీసుకుంటున్నామని తీర్మానం (పాలకవర్గం లేకపోతే స్పెషల్ ఆఫీసర్ ఇస్తాడు), ఆ తర్వాతే రిజిస్ట్రేషన్, కార్పొరేషన్ తరఫున సంతకం పెట్టే మనిషి అక్కడ ఉండాలి. డీడ్ అయ్యాక రోడ్ల రిజిస్టర్‌లో ఎక్కించారా లేదా అని వెంటపడి నకలు తెచ్చుకోవాలి. చాలామంది డీడ్ దగ్గరే స్వీట్లు పంచుకుని ఆగిపోతారు, రిజిస్టర్‌లో లేని రోడ్డుకు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎస్టిమేట్ వేయడు.

అర్జీ ఒక్క పేజీ. ఒక్క కోరిక. ఈ సర్వే నంబరులో ఉన్న ఇంత పొడవు, ఇంత వెడల్పు రోడ్డును ఉచితంగా ఇస్తున్నాం, స్వాధీనం చేసుకుని రిజిస్టర్‌లో చేర్చండి, అంతే. వీధిలైట్లు, కుక్కల బెడద, పార్కు, పందులు అన్నీ అందులో కలిపితే అది నాలుగు సెక్షన్లు తిరిగి ఎక్కడో ఒకచోట పడుకుంటుంది. అర్జీ అందినట్టు ఆఫీసువాళ్లు వేసే ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోకుండా ఇంటికి రావద్దు. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు వెళ్లండి, దానికీ కదలకపోతే సమాచార హక్కు కింద ఆ ఇన్‌వర్డ్ నంబర్ మీద తీసుకున్న చర్య, నోట్‌ఫైల్ (ఫైలు మీద అధికారులు రాసిన నోట్స్) నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, కాబట్టి ఎవరో ఒకరు ఫైలు తెరిచి చూస్తారు. నువ్వడిగింది ఆ జవాబు కోసం కాదు, ఫైలు తెరవడం కోసం.

కొలతల రోజు గురించి ముందే చెబుతున్నా, పోట్లాటలు అక్కడే వస్తాయి. కాగితం మీద 30 అడుగులు, టేపు పెడితే ఒకచోట 24 వస్తుంది. ఒకరి మెట్లు, ఒకరి సెప్టిక్ ట్యాంకు మూత, ఒకరి కొబ్బరిచెట్టు. మీ ఇంటి ముందు బేతంచెర్ల బండలు పరిచిన ర్యాంపు కూడా రోడ్డులోనే ఉంది, నేను చూశాను. ముందు దాన్ని నువ్వే తీయించు, సర్వేకు వారం ముందు, అందరూ చూసేలా. నీ ర్యాంపు అట్లే పెట్టుకుని పక్కింటి మెట్లు కొట్టమంటే ఎవడూ వినడు.

ఇంజనీరు వచ్చాక అడిగే మొదటి ప్రశ్న, నీళ్లు ఎక్కడికి పోతాయి అని. మీ వీధి వాలు ఎటో, కాలువ ఎక్కడ కలపొచ్చో వాన పడ్డప్పుడే గొడుగు పట్టుకుని చూసి రాసిపెట్టుకో. మీది నల్లరేగడి, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. ఈలోపల తలా ఇంత చందా వేసుకుని పల్చగా సిమెంటు పోసుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, రెండు వానాకాలాలకు పగులుతుంది, మీదగ్గర ఆల్రెడీ రోడ్డు ఉందిగా అని అవతలవాళ్లకు సాకు కూడా దొరుకుతుంది. గుంతల్లోకి గ్రావెల్ తోలించుకోండి, చాలు. మంచినీళ్ల పైపు, డ్రైనేజీ అయ్యాకే సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు అని కూడా మీరే అడగండి, లేకపోతే వేసిన ఆర్నెల్లకు మళ్లీ తవ్వుతారు.

ఇంకోటి, కాలనీ మీటింగులో దాచకుండా చెప్పు. ఒకసారి రాసిచ్చాక అది ఊరందరి రోడ్డు. గేటు పెట్టుకోవడం, రాత్రి గొలుసు కట్టడం కుదరదు, వెనకాల వచ్చే కొత్త వెంచర్‌వాళ్లు దీంట్లోంచే లారీలు తోలుతారు. పెళ్లికి రోడ్డుకు అడ్డంగా షామియానా వేసినా పర్మిషన్ అడగాలి. ఇది ఇష్టంలేనివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లు ఇప్పుడే బయటపడితే మంచిది, తీర్మానం రోజు అభ్యంతరం రాసిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బళ్లారి కూతురి నంబరు మీ చిన్నాయన దగ్గర ఉండాలి, ముందు ఆమెతో మాట్లాడు. ఆమె సరే అన్నాక డీడ్ డ్రాఫ్ట్ నాకు వాట్సాప్ చెయ్యి, హద్దులు, కొలతలు సరిచూసి పంపుతా. దస్తావేజు రైటర్ రాసినదాన్ని చదవకుండా ఎవరితోనూ సంతకం పెట్టించొద్దు.

మీ పెద్దమ్మ