అమ్మకాన్ని ఆదాయమనుకుని అప్పు చేయకండి

కళ్యాణదుర్గం దగ్గరి ఒక తండా నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు: "మా దగ్గర కూరగాయలు వారానికొకసారి సంతలోనే దొరుకుతాయి. మిగతా రోజుల్లో పిల్లలకు చారన్నం, ఊరగాయే. మా వారి ఆటోలో సరుకు తెచ్చి చుట్టుపక్కల ఊళ్లలో అమ్మాలనుకుంటున్నాను. పొదుపు రూ.18,000 ఉంది, ఇంటి ఖర్చు నెలకు రూ.9,000. సరుకుకు, ఫ్రిజ్‌కు రూ.50,000 రోజువారీ ఫైనాన్స్ తీసుకుంటే రూ.42,500 చేతికిచ్చి, రోజుకు రూ.500 చొప్పున 100 రోజులు కట్టమంటున్నారు. రోజుకు రూ.2,500 అమ్మితే కట్టలేనా?"

కట్టలేరు. దయచేసి ఆ అప్పు తీసుకోకండి. చిన్న వ్యాపారం మొదలుపెట్టే చాలామంది అమ్మకాన్నే ఆదాయమనుకుని ఇలాగే చిక్కుకుంటున్నారు. రూ.2,500 అమ్మకంలో సరుకుకు రూ.1,850, డీజిల్‌కు రూ.200 పోతే మిగిలేది రూ.450, మధ్యాహ్నానికి వాడిపోయే తోటకూర, పాలకూర, అడుగున నలిగిన టమోటాల నష్టం తీయకముందే అది కిస్తీకి చాలదు. పైగా ఉదయం పూట ఆటో కూరగాయలకు తిరిగితే ఆ వేళ సవారీల మీద వచ్చే డబ్బు పోతుంది, ఆ సంగతి మీ లెక్కలో లేనే లేదు. వంద రోజుల్లో తీరే అప్పుకు రూ.7,500 ముందే పట్టుకోవడమంటే, తగ్గుతూ వచ్చే అసలు మీద చూస్తే ఏడాదికి నూటికి నూరు దాటిన వడ్డీ. దీన్ని సాయమని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

మీ ఆలోచన మాత్రం ఎంతో అవసరమైనది. రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆకుకూర అందని ఊళ్లకు దాన్ని చేర్చే బండి ఆరు నెలలకే ఆగిపోకూడదు కనుకనే ముందు అత్యవసర నిధి ఉండాలని గట్టిగా చెబుతున్నాను. మీ ఇంటికి మూడు నెలల ఖర్చు, అంటే రూ.27,000, విడిగా ఉండాలి. ఉన్న రూ.18,000 అందులో భాగమే కాబట్టి దాన్ని సరుకులో పెట్టకండి. ఆటో మరమ్మతుకు వచ్చినా, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినా మిమ్మల్ని మళ్లీ ఫైనాన్స్ వారి గుమ్మం తొక్కనివ్వనిది ఆ సొమ్మే.

పెట్టుబడికి మీ పొదుపు సంఘం నుంచి రూ.5,000 చాలు, ఎందుకంటే ఇది ఏ రోజు డబ్బు ఆ రోజు తిరిగే సరుకు. ఫ్రిజ్ ఇప్పుడు వద్దు. సంత లేని రోజులు చూసుకుని వారానికి మూడు రోజులతో మొదలుపెట్టండి. బంగారం తాకట్టు ఆఖరి మార్గంగానే ఉంచండి. మీ వారి పేరిట ఏడాదికి రూ.20 ప్రమాద బీమా, వయసు 50 దాటకపోతే రూ.436 జీవిత బీమా బ్యాంకులో ఈ వారమే చేయించండి. మీ పిల్లలకు వండే కూరగాయల ఖరీదును కూడా ఏ రోజుకారోజు గల్లాలో వేయండి, లేకుంటే మిగులెంతో మీకే తెలియదు.