మా బ్రాంచిలో అంతమంది అకౌంటెంట్లా?

పాత తరహా బ్యాంకుల్లో డేటా చూసి నిర్ణయాలు తీసుకునే అలవాటు ఎలా తేవాలని అడిగారు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనమని చాలామంది చెబుతారు. నేను బ్రాంచి నడిపినవాణ్ణి. ముందు కౌంటర్లో ఎంటర్ కొట్టేవాళ్లతో మాట్లాడమంటాను.

ఒకసారి హెడ్డాఫీసు డేటా టీమ్ నుంచి ఫోన్. "మీ ఖాతాదారుల్లో సగానికి పైగా అకౌంటెంట్లే సార్, వాళ్లకి ఒక్క లోన్ కూడా ఇవ్వలేదేంటి?" రంగురంగుల చార్టు కూడా పంపారు. నాకు తెలిసి మా దగ్గరికొచ్చే అకౌంటెంట్లు ఇద్దరో ముగ్గురో. ఖాతాలు తెరిచే అమ్మాయిని అడిగితే నవ్వేసింది. "వృత్తి గడి నింపకపోతే స్క్రీన్ కదలదు సార్. ఎదురుగా క్యూ. ఎంటర్ కొడితే లిస్టులో మొదటిది పడిపోతుంది." ఇంగ్లిష్ అక్షరక్రమంలో మొదటివాడు అకౌంటెంట్! ఆమె చేతిలో ఉన్న ఫారం మీద ఖాతాదారుడు వడ్రంగి అని గుండ్రంగా రాశాడు. లిస్టంతా కిందికి జరిపి చూశాం. వడ్రంగి లేడు.

పెద్ద బ్యాంకులకూ ఇది తప్పలేదు. 2012లో అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ లండన్ ఆఫీసు ట్రేడింగులో 600 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. రిస్కు లెక్కను ఎక్సెల్ షీట్లలో చేత్తో కాపీ, పేస్టు చేసేవాళ్లని, సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారని ఆ బ్యాంకు సొంత విచారణలోనే తేలింది. నష్టానికి అదొక్కటే కారణం కాదు లెండి. మరుసటి ఏడాది, బ్యాంకుల పర్యవేక్షణకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే బాసెల్ కమిటీ రిస్కు డేటా మీద 14 సూత్రాలు రాసింది. కౌంటర్ ముందు క్యూ ఉంటే ఏం చేయాలో వాటిలో లేదు.

ఇక డ్యాష్‌బోర్డు గోల, అంటే బ్రాంచి అంకెలన్నీ రంగుల్లో చూపే స్క్రీన్. టార్గెట్ తప్పి ఎర్ర రంగు కనబడితే తిట్లు. అందుకే క్వార్టర్ చివరి రోజు డిపాజిట్లు పాలపొంగులా లేస్తాయి, మర్నాటికి చల్లారిపోతాయి. పైగా అదే అంకె మూడు డిపార్టుమెంట్లకు మూడు ఫార్మాట్లలో పంపాలి!

ఆ వృత్తుల లిస్టు మార్చమని రాస్తే ఐటీ వాళ్లు పలకలేదు. నేనే ఒక పని చేశాను. ప్రతి సోమవారం, ఆ వారం గడువు తీరే డిపాజిట్ల జాబితా ప్రింటు తీసి ఆ అమ్మాయికే ఇచ్చి, ఫోన్లు చేయమన్నాను. మొదటి రోజు చాలా నంబర్లు కలవలేదు. కొన్నిటి నిండా వరసగా తొమ్మిదులే, తనే కొట్టినవి. మంగళవారం కొత్త ఖాతాకి వచ్చిన పెద్దాయనతో, "నంబరు ఇంకోసారి చెప్పండి, నేను చదువుతా, సరిచూడండి" అంటోంది. వెనక క్యూ విసుక్కుంటున్నా వినిపించుకోలేదు.