నీ ఫోటోలో టోపీ చూశాను అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నార్సింగి సైటులో సూపర్‌వైజరుగా చేరిన రోజు నువ్వు దిగిన ఫోటో అక్క నాకు పంపింది. "నా కొడుకు ఎంత దర్జాగా ఉన్నాడో చూడు" అని కింద రాసింది కూడా. దర్జాగానే ఉన్నావు. కాకపోతే నా కళ్లు ముందు టోపీ మీదికే పోయాయి, ముప్పై ఏళ్ల అలవాటు మరి. హెల్మెట్ వెనక్కి జారి నుదురంతా బయటికి కనిపిస్తోంది. గడ్డం పట్టీని పైకి మడిచి అంచు మీద పెట్టావు. ఫోన్లో చెబితే "సరే మామా" అని మరిచిపోతావు. అందుకే రాస్తున్నా.

ముందు ఆ పట్టీ సంగతి. కూలీల కంటే నీకే అది ఎక్కువ అవసరం. తాపీ మేస్త్రి గోడ వైపు చూస్తూ పని చేసుకుంటాడు. నీ పనంతా వంగి చూడటమే. లిఫ్ట్ గుంతలోకి, డక్టులోకి, స్లాబు అంచు నుంచి కింది పరంజా మీదికి. నేను ఒకసారి నాలుగో అంతస్తులో సెంట్రింగ్ చూస్తూ అలాగే వంగాను, పట్టీ పెట్టుకోకుండా. టోపీ జారిపోయి, గాలిలో రెండు పల్టీలు కొట్టి, కింద ఇసుక జల్లెడ పడుతున్న ఒక ఆవిడకు రెండడుగుల దూరంలో పడింది. ఆవిడ తలెత్తి చూసింది. ఒక్క మాట అనలేదు. టోపీ తీసి పక్కన ఇటుకల మీద పెట్టి, మళ్లీ జల్లెడ అందుకుంది. తిట్టినా బాగుండేది.

హెల్మెట్ తీసుకునేటప్పుడు అందరూ పై డిప్పను వేలితో కొట్టి చూస్తారు. నువ్వు తిరగేసి లోపల చూడు. పైనుంచి ఏదైనా పడితే డిప్ప ఆ దెబ్బను నలువైపులా పరుస్తుంది, లోపలి పట్టీలు సాగి దాన్ని మింగుతాయి. డిప్పకూ తలకూ మధ్య ఉండే ఆ ఖాళీతోనే పనంతా. మన సైట్లలో ఆ ఖాళీలో ఏముంటుందో తెలుసా? బీడీ కట్ట, అగ్గిపెట్టె, తంబాకు పొట్లం, ఒక్కోసారి ఫోను. ఒక రాడ్ బెండర్ బైండింగ్ వైరు చుట్ట పెట్టుకుని తిరగడం నా కళ్లతో చూశాను. దెబ్బ పడితే ఆ చుట్టే నెత్తిలో దిగుతుంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు వారానికోసారి అందరి చేతా టోపీలు తిరగేయించు. మొదటి వారం నవ్వుతారు, పర్వాలేదు.

అయితే ఈ టోపీ ఎంత ఆపుతుందో కూడా తెలిసి ఉండాలి. యూరప్ వాళ్ల సైటు హెల్మెట్ల ప్రమాణం ఈఎన్ 397 ప్రకారం చేసే పరీక్షలో 5 కిలోల బరువును 1 మీటరు ఎత్తు నుంచి హెల్మెట్ మీద వదులుతారు. కింద ఉన్న నమూనా తలకు తగిలే బలం 5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 500 కిలోల బరువంత, దాటకూడదు. ఇప్పుడు లెక్క వెయ్యి. ఎర్ర ఇటుక దాదాపు 3 కిలోలు ఉంటుంది. ఒక్క అంతస్తు, అంటే 3 మీటర్లు పడిందనుకో, ఆ పరీక్షకు దాదాపు రెట్టింపు దెబ్బ. మీది ముప్పై అంతస్తుల టవరు. కాబట్టి పరంజా అంచుకు అడ్డపలకలు, కింద వల, మనుషులు నడిచే దారి మీద కప్పు, ఇవి ముందు అడుగు. రాడ్ల కింద పెట్టే చిన్న చిన్న కవర్ బ్లాకులు, మేకులు, బోల్టులు, రాడ్డుకు తల తగలడం, ఇలాంటివాటికి టోపీ.

ఐఎస్ఐ గుర్తు మీద ఐఎస్ 2925 అని ఉందా చూడు, అది సైటు హెల్మెట్ల ప్రమాణం. కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అసలుదో నకిలీదో నిమిషంలో తేలిపోతుంది. బండి హెల్మెట్ ప్రమాణం వేరు, ఐఎస్ 4151. చలాన్ తప్పించుకోవడానికి సైటు టోపీ పెట్టుకుని ఔటర్ సర్వీసు రోడ్డు మీద బండి నడిపేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు మాత్రం ఆ పని చేయకు, అక్కకు తెలిస్తే ముందు నన్నే అంటుంది.

నువ్వు రోజుకు పదిసార్లు ఆఫీసుకూ సైటుకూ తిరుగుతావు కాబట్టి వెనక చక్రం తిప్పి బిగించే రకం తీసుకో. రంధ్రాల్లో గుచ్చి బిగించే రకమైతే విసుగొచ్చి వదులుగా వదిలేస్తావు. బిగించాక గడ్డం పట్టీ పెట్టుకోకుండా ముందుకు వంగి చూడు, జారకపోతే సరిపోయినట్టు. ఆ తర్వాత గడ్డం పట్టీ పెట్టుకో. గాలి రంధ్రాలున్నది ఎండకు హాయిగా ఉంటుంది గానీ కరెంటు పని జరిగే చోటికి పనికిరాదు.

ఇంకోటి, ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్లో చూసేటప్పుడు ముందు అంచు అడ్డం వస్తుంది. అప్పుడు అందరూ టోపీని వెనక్కి తిప్పేస్తారు. తిప్పి పెట్టుకోవచ్చని కంపెనీ చెప్పిన మోడల్ అయితేనే ఆ పని చెయ్యి. అప్పుడు కూడా డిప్ప ఒక్కటే తిప్పితే చాలదు, లోపలి పట్టీలు విప్పి తిప్పి బిగించాలి. లేదంటే అంచు చిన్నగా ఉన్నది అడుగు, స్టోరులో ఉంటాయి.

నేను దుబాయ్‌లో ఉన్నప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని బంద్. అక్కడే నాకు అర్థమైంది, ఎండ మనిషినే కాదు ప్లాస్టిక్కును కూడా తింటుందని. కారు వెనక అద్దం దగ్గర టోపీ పడేస్తే అది రోజంతా ఉడుకుతుంది. పైన మెరుపు పోయి సున్నం పూసినట్టు తెల్లగా పొడి రాలితే దాని పని అయిపోయినట్టే. రెండు చేతులతో పక్కల నుంచి ఒక అంగుళం లోపలికి నొక్కి వదులు. వెంటనే మామూలు ఆకారానికి రావాలి. కిర్రుమని చప్పుడొస్తే చెత్తలోకి. పడేసే ముందు పగలగొట్టు, లేకపోతే సాయంత్రానికి ఇంకెవరో పెట్టుకుంటారు.

ముందు అంచు లోపలి వైపు గడియారం ముల్లులాంటి గుర్తు అచ్చు వేసి ఉంటుంది. బాణం నెలను చూపిస్తుంది, మధ్యలో ఏడాది. డిప్పకు ఎక్కువ కంపెనీలు చెప్పేది రెండు నుంచి ఐదేళ్లు. లోపలి పట్టీలు ఏడాదికి మార్చాలి, చెమటకు మెత్తబడతాయి. గట్టి దెబ్బ ఒక్కటి పడితే చాలు, పగులు కనిపించకపోయినా మార్చేయాలి.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు. సిమెంటు మరక పోవాలని థిన్నరో పెట్రోలో టైల్స్ యాసిడ్డో పూసేవాళ్లున్నారు. మరకతోపాటు బలం కూడా పోతుంది. రంగు కొట్టించకు. స్టిక్కర్లు కూడా ఎడాపెడా అంటించకు, వాటి కింద పగులొచ్చినా కనబడదు.

చివరికి ఒక ఇబ్బంది, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. గమేళా, అంటే సిమెంటు తట్ట, మోసే ఆడవాళ్లు చుట్టకుదురు పెట్టుకుంటారు, కొప్పు ఉంటుంది. టోపీ పెట్టుకోమంటే మోత ఆగిపోతుంది, మోత ఆగితే కూలి ఆగుతుందని భయం. వాళ్ల మీద అరవకు. పైన పని జరిగే చోట తలమోత పెట్టనివ్వకు. తోపుడు బండి, సామాను పైకి లాగే హాయిస్టు ఇప్పించు. మేస్త్రి గొణుగుతాడు, వినిపించనట్టు ఉండు. టోపీ డబ్బులు వాళ్ల కూలిలో కోస్తున్నారేమో కూడా కనుక్కో. ఆ ఖర్చు యాజమాన్యానిది.

ఆదివారం ఇంటికి వస్తున్నావని అక్క చెప్పింది. ఆ టోపీ కూడా తెచ్చుకో, లోపల ఏ నెల ఉందో చూద్దాం.

మీ మామయ్య