పీఎంపీ క్లాసుకు ఇప్పుడే 60 వేలు కట్టాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం దగ్గర పల్లె. నాన్న రొయ్యల చెరువులు చేస్తారు. బీటెక్ సివిల్ చదివాను. ఏడాదిగా కృష్ణపట్నం వైపు ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజినీరుగా చేస్తున్నాను. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నేర్చుకోవాలని ఉంది. మా సైటులో ఏ పని ఎప్పుడో గీతల్లో చూపే బార్ చార్ట్ గోడకు అంటించడానికే, పనంతా ఫోన్లలో, అరుపుల్లో నడుస్తుంది. నేనేదైనా చెబితే ‘నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల’ అంటారు. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) అనే సర్టిఫికెట్ చేస్తే మాటకు విలువ వస్తుందని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారు. ఫీజు 60 వేలు. నాన్న కడతానంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. నాన్నగారి డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వు.

పీఎంపీ సర్టిఫికెట్ ఇచ్చేది ఆ ఇన్‌స్టిట్యూట్ కాదు. అమెరికాలో 1969లో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ. నాలుగేళ్ల డిగ్రీ చదివినవాళ్లు ఆ పరీక్ష రాయాలంటే ప్రాజెక్టు పనులు నడిపించిన అనుభవం 36 నెలలు చూపించాలి, 35 గంటల శిక్షణా ఉండాలి. నీకు అమ్మజూపుతున్నది ఆ 35 గంటలే. నీకు ఏడాదే అయింది, అందులోనూ అంతా ‘నడిపించిన’ పని కిందకు రాదు. ఇప్పుడు క్లాసు విని ఎప్పుడో పరీక్ష రాసేనాటికి విన్నదేం గుర్తుంటుంది? కాగితం లేనిదే మనసు ఒప్పుకోదంటే అదే సంస్థ సీఏపీఎం అని ఇంకోటి ఇస్తుంది. దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు. నన్నడిగితే దానికీ తొందర లేదు. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు నాన్నగారి పక్కన కూర్చుని ఒక పంట మొత్తం కాగితం మీద పెట్టు. చెరువు ఎండాలి, సున్నం చల్లాలి, నీళ్లు పెట్టాలి, బ్లీచింగ్ వేసి ఆగాలి, అప్పుడు సీడ్, అంటే రొయ్య పిల్లల్ని వదలాలి. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి జరగాల్సిందే. నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల రిపేరు, మేత బుకింగు వాటి పక్కన నడుస్తుంటాయి. ఏరేటర్ మోటారు రెండు రోజులు లేటుగా వచ్చినా కొంప మునగదు. నీళ్లు రెండు రోజులు లేటైతే మాత్రం సీడ్ రెండు రోజులు వెనక్కి పోతుంది, హేచరీ వాళ్లు ఆగరు. ఆ మొదటి వరుసే క్రిటికల్ పాత్. ఏరేటర్‌కున్న వెసులుబాటు పేరు ఫ్లోట్. ఈ లెక్కను 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ తన ఫ్యాక్టరీ పనుల కోసం తయారు చేయించుకుంది. నాన్నగారు ఏ పుస్తకమూ చూడకుండా రోజూ చేస్తున్నారు. కాకపోతే ఆయన లెక్క బుర్రలో ఉంటుంది. నాలుగు చెరువులకు బుర్ర చాలు, ఆరుగురు సబ్ కాంట్రాక్టర్లున్న సైటుకు చాలదు.

నా మొదటి ఉద్యోగంలో బార్ చార్టు రంగురంగులతో భలే గీశాను. ఫౌండేషన్‌లో పెట్టాల్సిన యాంకర్ బోల్టుల ఆర్డరుకు మాత్రం అందులో ఒక్క గీత కూడా లేదు. స్టీలు కట్టారు, సెంట్రింగ్ అయింది, బోల్టులు రాలేదు. 11 రోజులు మేస్త్రీలు చెట్టు కింద కూర్చున్నారు. అప్పటినుంచి పనులకంటే ముందు వాటికి కావలసినవి రాస్తాను: డ్రాయింగు, అనుమతి, మెటీరియల్. పెద్ద ఉదాహరణ మీ వైపే ఉంది, వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు. రాజకీయం పక్కన పెట్టి చూడు. 1996లో శంకుస్థాపన జరిగింది. సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు తవ్వి 2024లో జాతికి అంకితం చేశారు. అప్పటికీ ముంపు ఊళ్ల వాళ్ల పునరావాసం పూర్తి కాలేదు. ఊళ్లు ఖాళీ కానిదే రిజర్వాయరు నింపలేరు కదా.

ఇంకోటి, మీ షెడ్యూల్ హైదరాబాద్ ఆఫీసులో తయారైందా? అయితే వాన రోజులు ఏ నెలల్లో వదిలారో చూడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వదిలి ఉంటే దాన్ని గీసినవాళ్లు నెల్లూరు చూడలేదన్నమాట. ఇక్కడ వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబరులో మట్టి పని పెట్టి, అది ఆగిందని నీ మీద అరిస్తే ఏం లాభం?

ఇక నీ అసలు బాధ, మాట వినకపోవడం. సర్టిఫికెట్ చూపించినా వినరమ్మా. కాంట్రాక్టర్ చెవికెక్కేది డబ్బు మాట ఒక్కటే. మీ సైటులో హిండ్రెన్స్ రిజిస్టర్ ఎక్కడుందో కనుక్కో. డ్రాయింగు రాకపోయినా, స్థలం అప్పగించకపోయినా, వాన పడినా ఆ ఆటంకం ఏ తేదీన మొదలై ఏ తేదీన తీరిందో రాసి, క్లయింటు ఇంజినీరు సంతకం తీసుకునే పుస్తకం అది. గడువు పెంచమని అడిగేటప్పుడు చూపించే ఆధారం అదే. అది సరిగ్గా లేకపోతే ఆలస్యానికి పెనాల్టీ బిల్లులోంచే కోస్తారు. చాలా చోట్ల దీన్ని చివర్లో కూర్చుని పాత తేదీలతో నింపుతారు. ఆ పుస్తకం బాధ్యత నువ్వు అడిగి తీసుకో. ఎవరికీ ఇష్టంలేని పని కాబట్టి వెంటనే ఇచ్చేస్తారు. ఒక్కసారి ఆ కాగితాలతో పెనాల్టీ తగ్గిందంటే ‘పిల్ల’ అన్నవాళ్లే ‘మేడమ్ దగ్గర ఉంది చూడండి’ అంటారు.

మేస్త్రీలతో దారి వేరు. శనివారం సాయంత్రం పది నిమిషాలు నిలబెట్టి, వచ్చే వారం ఏం చేస్తారు, దానికి ఏం కావాలి అని వాళ్లనే అడుగు. చెప్పింది చెప్పినట్టు తెలుగులో బోర్డు మీద రాయి. ‘లుక్ అహెడ్ ప్లాన్’ లాంటి పేర్లు పెట్టకు, పారిపోతారు. మరుసటి శనివారం అయినవాటికి టిక్కు, కానివాటి పక్కన కారణం. ఎవరు చేయలేదో రాయకు, ఏం రాలేదో రాయి. మొదట్లో నవ్వుతారు, నవ్వనీ. ‘కంకర రాలేదు’ అని వరసగా నాలుగు వారాలు కనబడితే పర్చేజ్ చూసే ఆయనే వచ్చి ఆ బోర్డు ముందు నిలబడతాడు.

షెడ్యూళ్లు గీసే సాఫ్ట్‌వేర్లు ప్రిమవెరా, ఎంఎస్ ప్రాజెక్ట్ ఉద్యోగ ప్రకటనల్లో అడుగుతుంటారు, నేర్చుకో. ముందు మాత్రం నీ సైటు చార్టును ఎక్సెల్‌లో నీ చేతులతో కట్టు.

పీఎంపీ అసలే వద్దనడం లేదు, ఇంకో రెండు మూడేళ్లకు చూద్దాం. దానికోసం ఇవాళే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టు. ఏ పని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అందులో నువ్వు నడిపించింది ఏమిటి, ఎవరి కింద అన్నది రాసుకుంటూ పో. పీఎంఐ కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కు తీస్తుంది. అప్పుడు ఈ అనుభవం నిజమేనని చెప్పే పై అధికారి కావాలి. సైట్లలో మేనేజర్లు ఎన్నాళ్లుంటారో తెలిసిందే. అందుకే ఒక్కో పని ముగియగానే ఆయన చేత ఒక లెటర్ రాయించుకుని, కంపెనీది కాకుండా ఆయన సొంత మెయిల్ ఐడీ అడిగి రాసిపెట్టుకో.