ముందు బటర్ పేపర్, తర్వాతే బబుల్ ర్యాప్

ఒరేయ్ కన్నా,

ముంబై జహంగీర్‌లో నీ సోలో షో ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. రాత్రి నిద్ర పడితే ఒట్టు, సగం సంతోషం, సగం నీ ప్యాకింగ్ తలుచుకుని టెన్షన్. 1952 నుంచీ ఉన్న గ్యాలరీ అది, ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ వారం రోజులు దొరకదు.

బొమ్మల గురించి నేను చెప్పేదేం లేదు. అమీర్‌పేటలో మెట్రో పిల్లర్ల మధ్య ఇరుక్కున్న ఆకాశాన్ని నైఫ్‌తో గీకి గీకి వేశావు చూడు, కింద మూలన ఆటో ఒకే ఒక్క పసుపు గీత, దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో నీకు తెలీదు. కాకపోతే గోడ మీద పెద్ద పెద్ద మాటలతో వివరణలు అంటించకు. సుధీర్ పట్వర్ధన్ గారు ఠాణేలో ఎక్స్‌రేలు చూసే డాక్టరుగా ఉంటూనే ఆ నగరం జనాన్ని వేశారు, అలాంటివి చూసిన కళ్లురా అక్కడివి.

రేట్ల లిస్టు ముందే ప్రింట్ తీయించు. కాన్వాస్ వెనక పేరు, సైజు, సంవత్సరం రాయి. వేళకి తిను.

ఇక అసలు సంగతి. 1998లో ముంబైలో నలుగురం కలిసి షో పెట్టాం. గోడ బోసిగా ఉంటుందేమోనన్న భయంతో ఆఖరి పది రోజుల్లో రెండు ఆయిల్ పెయింటింగ్స్ వేశాను. మే నెల. పైన వేలు పెడితే అంటలేదు కదా, ఆరిపోయిందనుకున్నాను. మందంగా వేసిన ఆయిల్ లోపల ఆరడానికి నెలలు పడుతుందని తెలిసీ! మీ పెదనాన్న రాత్రంతా కూర్చుని, పసిపిల్లకి దుప్పటి చుట్టినట్టు బబుల్ ర్యాప్ చుట్టారు. లారీలో ఎండకి ఉడికి, అక్కడ విప్పేసరికి నా సికింద్రాబాద్ స్టేషన్ బొమ్మ నిండా గుండ్రటి మచ్చలు, వరసలు వరసలుగా. టర్పెంటైన్‌తో సర్దబోయి ఇంకా పాడుచేశాను. మర్నాడు ఒకాయన చాలాసేపు చూసి, "ఇది వానా?" అన్నాడు. అవునన్నాను. కొనుక్కున్నాడు. ఆ డబ్బుతో పక్కనే సమోవార్ కెఫేలో, 2015లో మూసేశారులే, అందరికీ టీ ఇప్పించాను. నా కప్పు మాత్రం అలాగే చల్లారిపోయింది.

మచ్చలకంటే ఆ "అవును" ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నావి యాక్రిలిక్, పెద్దమ్మా, అరగంటలో ఆరతాయి అంటావు, తెలుసు. ఎండకి యాక్రిలిక్ కూడా మెత్తబడి ప్లాస్టిక్‌కి అతుక్కుంటుందిరా మొద్దూ. ముందు బటర్ పేపర్, దాని మీద బబుల్ ర్యాప్, బుడగలు బయటికి ఉండాలి. గోడ ఖాళీగా ఉంటే ఉండనీ, ఈ నెలలో కొత్త బొమ్మ మొదలుపెట్టావంటే నా చేతిలో అయిపోతావు.

రెండు రోల్స్ కొని పెట్టాను. నీ బొమ్మలు తనే ప్యాక్ చేస్తానని మీ పెదనాన్న ఇప్పటికే కత్తెర, టేపు తీసి పెట్టుకున్నారు. ఆ మచ్చల సంగతి ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు. ఆయన్నే చేయనియ్యి, కానీ ముందురోజు రాత్రే వచ్చి బటర్ పేపర్ నువ్వు చుట్టెయ్.

నీ పెద్దమ్మ