మైకు ముచ్చట్లు: ‘స్తా’ మానెయ్ తమ్ముడూ!

ప్రశ్న: అన్నా, నేను హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్ మేడ మీద ఫ్రెండ్స్ మధ్య ఫ్రీస్టైల్ ర్యాప్, అంటే అప్పటికప్పుడు అల్లి చెప్పడం, బాగానే చేస్తాను. స్టేజీ మీద ఇంకొకడితో ఎదురెదురుగా ర్యాప్‌లో తలపడే బ్యాటిల్ అంటేనే టెన్షన్. నాలుగో లైనుకే బుర్ర ఖాళీ అయిపోతుంది. మొన్న ఒకడు నా ఎత్తు మీద జోకేస్తే నోట మాట రాలేదు. ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి?

జవాబు: నువ్వు పంపిన ఆడియో మూడుసార్లు విన్నాను. గొంతు బాగుంది, తాళం తప్పడం లేదు. కానీ పన్నెండు లైన్లలో తొమ్మిది ‘స్తా’తోనే ముగిశాయి. చూపిస్తా, ఓడిస్తా, వాయిస్తా, పంపిస్తా... తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఈ ప్రాస ఊరికే దొరుకుతుంది. అందుకే జనం చెవికి ఆనదు. బుర్ర ఖాళీ కావడానికీ ఇదే కారణమని నా అనుమానం. ‘స్తా’ ఎలాగూ ఉందన్న ధీమాతో లైను ఎత్తుకుంటావు, అది ఎటు పోవాలో మాత్రం నీకే తెలియదు.

వెనక నుంచి కట్టు. దెబ్బ తగిలే మాట ముందు పట్టుకో. పొట్టి అన్నాడా? పొట్టి అంటే వామనుడు, వామనుడంటే మూడో అడుగు. ‘అడుగు’ను రెండో లైను చివర దాచిపెట్టు. దానికి జత కావాలి. వామనుడి చేతిలో ఏముంది? గొడుగు!

పొట్టివాణ్ణే, ఒప్పుకున్నా బలీ, చేతిలో చిన్న గొడుగు
రెండు కొలవడం అయిపోయింది, నీ నెత్తిన మూడో అడుగు

వాడన్నది నువ్వే ఒప్పేసుకున్నావు కాబట్టి వాడి దగ్గర ఇంకేం మిగల్లేదు. పైగా మొదటి లైను పలుకుతుండగానే రెండోది వండుకోవచ్చు. బార్ అంటే నాలుగు బీట్లు, సుమారుగా ఒక లైను. నిమిషానికి 90 బీట్ల మీద పదహారు బార్లంటే 43 సెకన్లే. అందులో ప్రతి లైనూ ఇంత గట్టిగా ఉండక్కర్లేదు, నాలుగు బార్లకొకటి తగిలితే చాలు.

ఇక ప్రాక్టీస్. మా తాతయ్యకు పద్యాల పిచ్చి. చిన్నప్పుడు గుంటూరులో అష్టావధానాలకు లాక్కెళ్లేవారు, నేను పులిహోర కోసం వెళ్లేవాణ్ణి. నేను ర్యాప్‌లో దిగాక గానీ అక్కడ చూసిందేమిటో అర్థం కాలేదు. దత్తపది అనే అంశంలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసే ఆయన, నాలుగు మాటలిస్తే అవధాని అవన్నీ వచ్చేలా పద్యం చెప్పాలి. నువ్వు చిట్టీల మీద మాటలు రాయించి, నాలుగు బార్లకొక చిట్టీ తియ్యి. రాసేది మాత్రం నువ్వు కాదు. మెస్సులో వడ్డించే పెద్దాయన్ని అడుగు, గరిటె, పోపు, సిలిండర్ అంటూ నీకు తట్టని మాటలిస్తాడు. నిషిద్ధాక్షరిలో ఫలానా అక్షరం వాడొద్దని అడ్డుపడుతుంటారు. నీకు నిషేధం ‘స్తా’, పదిహేను రోజులు. లైను చివర వచ్చిందా, రూమ్మేటుకు టీ. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే మధ్యలో అడ్డదిడ్డం ప్రశ్నలతో ధ్యాస చెడగొట్టడం. ఆ వేషానికి హాస్టల్లో మనుషులకు కొదవుండదు కదా.

నా పరువు పోయిన కథ కూడా విను. ఒక కాలేజీ ఫెస్ట్‌లో బాగా బట్టీపట్టిన పదహారు బార్లతో ఎక్కాను, అంతా ఎదుటివాడి బొజ్జ మీదే. చివరి నిమిషంలో జతలు మారాయి. నా ఎదుట నిలబడ్డవాడు వెదురుబొంగులా ఉన్నాడు. నేను బొజ్జ గురించే మొదలుపెట్టాను! హాలంతా నవ్వింది, నన్ను చూసి. 1981లో న్యూయార్క్ హార్లెం వరల్డ్ క్లబ్బులో కూల్ మో డీ అనే ర్యాపర్, బిజీ బీ అనే ఇంకో ర్యాపర్‌ని ఓడించింది దీనికి సరిగ్గా ఎదురు దారిలో. జనాన్ని ఉత్సాహపరిచి కేకలు వేయించడంలో బిజీ బీ దిట్ట. ఆ తర్వాత మో డీ మైకు తీసుకుని, ఆ కేకల పద్ధతినే ముక్కలు ముక్కలుగా విప్పి చూపించాడు. ఎదుటివాడి వంతులో నీ తర్వాతి లైను నెమరేసుకోకు, వాణ్ణి విను.

ప్రశ్న: ముందే రాసుకుని బ్యాటిల్‌కి వెళ్లడం మోసం కాదా అన్నా? (విశాఖ నుంచి ఒక చెల్లెలు)

జవాబు: ఇప్పుడు చాలా ర్యాప్ బ్యాటిల్ లీగుల్లో ప్రత్యర్థి ఎవరో ముందే చెబుతారమ్మా. రాసి, కంఠతా పట్టి, బీటు లేకుండా తలపడతారు. అదొక ఆట, తప్పేం లేదు. పోస్టరు మీద ఫ్రీస్టైల్ అని వేసి, పాతది అప్పజెబితేనే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివాణ్ణి పట్టుకోవడం తేలికే. మధ్యలో కరెంటు పోయి వచ్చినా, వాడి లైన్లలో ఆ ముక్కే రాదు.